కూర వండేవాడికి క్రిస్మస్ కానుక

మేనేజింగ్ డైరెక్టరు త్రిలోచనరావు గారు బెంగళూరులో శిక్షణ ముగించుకుని తిరిగి వస్తూ రెండింటిని వెంట తెచ్చారు. ఒకటి జలుబు. రెండోది ఉద్యోగుల ఆనందం. జలుబు వారం రోజుల్లో తగ్గింది.

ఆయన ఏలే సంస్థ పేరు తీరప్రాంత ఉప్పు సంవర్ధక మండలి. బందరు చుట్టుపక్కల ఉప్పుమళ్ళ రైతులకు మేలు చేయడానికని ఎప్పుడో పెట్టారు. మండలి పుట్టకముందూ ఉప్పు పండింది, పుట్టాకా పండుతోంది, రేపు మూసేసినా పండుతుంది. ఆ సంగతి రైతులకు తెలుసు కాబట్టి వాళ్ళు ఆ ఛాయలకు వెళ్ళరు. పని లేని చోట విసుగు పుడుతుంది, విసుగు పుట్టిన చోట ఆనందం అవసరమవుతుంది. అంతవరకూ త్రిలోచనరావు గారి ఆలోచనలో తప్పు పట్టాల్సిందేమీ లేదు.

శిక్షణలో సూటు వేసుకున్న ఆయనెవరో చెప్పాడట, పెద్ద పెద్ద కంపెనీల్లో క్రిస్మస్‌కి కానుకలు ఇస్తారని, కానుక పుచ్చుకున్నవాడు ఏడాది పొడుగునా నోరెత్తకుండా పనిచేస్తాడని. ఆ రెండో ముక్క త్రిలోచనరావు గారికి బాగా నచ్చింది. వచ్చిన మర్నాడే సర్క్యులరు జారీ అయింది. "మండలి యందు పనిచేయుచు క్రిస్మస్ పండుగ జరుపుకొను ప్రతి ఉద్యోగికిని, సదరు ఉద్యోగి యొక్క అభిరుచిని యెరిగి, ఆ అభిరుచికి తగిన వస్తువును, ఆ వస్తువునకు తగిన నిబంధనలతో సహా ప్రసాదించవలెను" అన్నది అందులోని మొదటి వాక్యం. తతిమ్మా వాక్యాలు ఎవరూ చదవలేదు.

మండలిలో క్రిస్మస్ చేసుకునేవాడు ఒక్కడే, సీనియర్ అసిస్టెంట్ మెండెం దానియేలు. ఆనందమంతా వచ్చి అతని నెత్తిన పడింది.

అందరినీ హాల్లో కూర్చోబెట్టి, త్రిలోచనరావు గారు దానియేలుని లేచి నిలబడమన్నారు. నీకు ఏమంటే ఇష్టమయ్యా అని అడిగారు. పుస్తకాలు చదువుతానని చెప్పొచ్చు. వ్యాయామం చేస్తానని చెప్పొచ్చు. మండలి ఆశయాల గురించి ఆలోచిస్తూ కూర్చుంటానని చెప్పి ఉంటే ఆ ఏడు ప్రమోషనే వచ్చేదేమో. దానియేలుకి ఆ తెలివి లేకపోయింది.

"సాయంత్రం ఇంటికెళ్ళి కూర వండుకోవడం ఇష్టమండి" అన్నాడు.

నిజానికి అది ఇష్టం కూడా కాదు, అతనికి అదే ఊపిరి. పెళ్ళయిన కొత్తలోనే ఇంట్లో పంపకాలు జరిగిపోయాయి. భార్య రూతు స్కూల్లో టీచరు. అన్నం ఆవిడది, కూర ఇతనిది. రోజంతా ఆఫీసులో ఎవరూ చదవని కాగితాలు రాసి, ఎవరూ అడగని లెక్కలు కట్టి, సాయంత్రం చొక్కా విప్పి ఉల్లిపాయ చేతిలోకి తీసుకున్నాకే దానియేలుకి తానొక మనిషినని గుర్తుకొచ్చేది. తాలింపు చిటపటమంటే దానికి పై అధికారి సంతకం అక్కర్లేదు. ఉప్పు ఎంత పడాలో ఎవరినీ అడగక్కర్లేని చోటు ఈ భూమ్మీద అతనికి అదొక్కటే.

పైగా ఆ ఏడు పండక్కి అతని అక్క మార్తమ్మ వస్తోంది. ఆవిడ ఏలూరులో నర్సుగా చేసి రిటైరైంది. తల్లి పోయిన దగ్గర్నుంచీ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. వర్షాకాలంలో పెద్ద జబ్బు చేసి లేచింది గాని నోరు చచ్చిపోయింది. ఏది పెట్టినా గడ్డి తిన్నట్టుందంటోంది. డాక్టర్లు బలానికి తినమంటారు, ఆవిడ రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపేస్తుంది. ఫోన్లో తమ్ముణ్ణి ఒకటే అడిగింది, బిర్యానీలూ అవీ వద్దురా, పండగనాడు నీ చేత్తో వంకాయ ఎండురొయ్యలు వండి పెట్టు, అదైనా సయిస్తుందేమో చూద్దామని. ఆ మాట విన్నప్పటి నుంచీ దానియేలు బజార్లో వంకాయ కనబడితే చాలు, ముచ్చిక పట్టుకుని చూస్తున్నాడు.

ఇక్కడ మండలిలో 'కూర కానుక ఉపసంఘం' ఏర్పడింది. అధ్యక్షుడు డిప్యూటీ మేనేజరు నిష్ఠల కామేశం గారు. నిబంధనలన్నీ ఆయనకి కంఠస్థం. లేని నిబంధనలు కూడా కంఠస్థమే. సభ్యురాలు అకౌంట్స్ ఆఫీసరు వల్లీదేవి గారు. సంస్థ సొమ్ము ఒక్క పైసా ఖర్చయినా ఆవిడకి ఒంట్లో జ్వరం వచ్చినట్టుంటుంది.

ఇంట్లో కూర వండుకునేవాడికి ఏం ఇవ్వాలి అన్నది ప్రశ్న. మామూలు మనిషి అయితే బజారుకి వెళ్ళే దారిలో ఆలోచించి, కొట్టు ముందు నిలబడి తేల్చేస్తాడు. ఉపసంఘం మూడు సమావేశాలు జరిపింది.

మంచి కత్తిపీట ఇద్దామని ముందు అనుకున్నారు. కామేశం గారు కళ్ళజోడు తీసి తుడిచారు. సంస్థ తన చేతులతో ఉద్యోగికి పదునైన ఆయుధం అందజేసి, ఆనక ఆ ఉద్యోగికి ఇంక్రిమెంటు ఆపవలసి వస్తే పరిస్థితి ఏమిటని అడిగారు. కత్తిపీట అక్కడితో ఆగిపోయింది. పోపులపెట్టె మాట వచ్చింది. ఖాళీది ఇస్తే అవమానం, నింపి ఇస్తే ఆవాలకీ మెంతులకీ నెలనెలా లెక్క చెప్పించాలని వల్లీదేవి గారు అడ్డుపడ్డారు. వంటల పుస్తకం ఇవ్వడమంటే అతనికి వంట రాదని సంస్థ అనుమానించినట్టు, అనుమానిస్తే ముందు సంజాయిషీ అడగాలి. రోలు ఇద్దామంటే రాయి గనుల శాఖ కిందికి వస్తుంది. వంట చేసేటప్పుడు కట్టుకునే ఏప్రాన్ ఇస్తే అది యూనిఫారం అవుతుంది, యూనిఫారం ఇస్తే చాకలి ఖర్చు ఇవ్వాలి, ఒకడికి చాకలి ఖర్చు ఇస్తే రేపు అందరూ ఏప్రాన్లు కట్టుకుని వస్తారు.

ఆఖరికి బాణలి ఖాయమైంది. దానికి మొన లేదు, పదును లేదు, లోపల ఏమీ లేదు. అన్నివిధాలా మండలికి తగిన వస్తువని ఇద్దరూ ఒప్పుకున్నారు.

అయితే బాణలి కొనేముందు కామేశం గారికి ఇంకో ధర్మసందేహం కలిగింది. ఇష్టమని ఉద్యోగి తన నోటితో తాను చెప్పుకున్నాడు, దానికి రుజువేది? ఇష్టం లేకుండానే ఇష్టమని చెప్పి సంస్థ బాణలి కాజేసే ప్రయత్నం కాదని ఎవరు పూచీ? అందువల్ల క్షేత్రస్థాయి పరిశీలన అవసరమైంది. ఒక ఆదివారం పొద్దున్నే ఉపసంఘం దానియేలు ఇంటికి దిగింది. అతను కోడిపులుసు వండుతుంటే వంటింటి గుమ్మంలో కుర్చీలు వేసుకుని చూశారు. వండాక తిన్నారు. కామేశం గారు మారు వడ్డించుకున్నారు, మళ్ళీ మారు వడ్డించుకున్నారు. సోమవారం నివేదిక వచ్చింది. "కోడి విషయమున సదరు ఉద్యోగికి ఇష్టము కలదని ప్రాథమికముగా రుజువైనది. చేపల విషయమున ధ్రువీకరించవలసి యున్నది."

తర్వాతి ఆదివారం చేపలు ధ్రువీకరించారు. పండుగప్ప ముక్కలు కామేశం గారి ఇంటికి కూడా క్యారేజీలో వెళ్ళాయి, ఆయన భార్యది రెండో అభిప్రాయం తీసుకోవడం మంచిదని. మధ్యలో ఓ సాయంత్రం పీతలు కూడా ధ్రువపడ్డాయి.

"వాళ్ళు మీకు కానుక ఇస్తారో లేదో గానీ, మన బియ్యం డబ్బా మాత్రం అడుగు కనబడింది" అంది రూతు. దానియేలు నవ్వి ఊరుకున్నాడు. తన కూర పెద్దవాళ్ళు లొట్టలేసుకుంటూ తినడం అతనికి లోపల్లోపల గర్వంగానే ఉంది. పాపం, అమాయకుడు.

డిసెంబరు మధ్యలో కానుక ప్రదానం జరిగింది. పూలదండలు, ఫొటోలు, త్రిలోచనరావు గారి ఉపన్యాసం. ఉద్యోగి నవ్వితే ఉప్పు నవ్వుతుందని ఆయన అన్నారు. చప్పట్లు కొట్టారు. బాణలి నిజంగా బాగుంది. రాగి అడుగు, మందపాటి స్టీలు, చేతికి పట్టు దొరికే పిడులు. దానియేలు దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఇందులో వంకాయలు అడుగంటకుండా ఎంత బాగా మగ్గుతాయో అనుకున్నాడు. లోపల మధ్యలో తెల్ల పెయింటుతో 'తీ.ఉ.సం.మం. ఆస్తి' అని రాసి ఉండటం అప్పుడే చూశాడు.

కామేశం గారు నిబంధనలు చదివి వినిపించారు. బాణలి మండలికి చెందిన శాశ్వత ఆస్తి. గ్రహీత పదవీ విరమణ నాడు దాన్ని తీసుకున్నది తీసుకున్నట్టు అప్పగించాలి. ఏటా తనిఖీ ఉంటుంది. మసి, సొట్ట, గీత, ఉల్లిపాయ వాసన, వీటిలో ఏది కనిపించినా జీతంలోంచి వసూలు చేస్తారు. అదే సమయంలో బాణలిని వాడకుండా ఉంచడం ఆస్తిని వృథా చేయడం కింద లెక్క, దానికి వేరే శిక్ష.

మరి వండాలంటే ఎలాగండీ అని దానియేలు మెల్లగా అడిగాడు.

"వండొద్దని ఎక్కడ రాశామయ్యా?" అన్నారు కామేశం గారు, కొంచెం నొచ్చుకుని. "పొయ్యి మీద పెట్టకుండా హాయిగా వండుకో."

దానియేలు బాణలిని గుడ్డలో చుట్టి అటకెక్కించి, ఎప్పటిలాగే తన సత్తు గిన్నెలో వండుకోవడం మొదలెట్టాడు. పీడ విరగడైందనుకున్నాడు. వల్లీదేవి గారి సంగతి మర్చిపోయాడు.

ఆవిడకి రాత్రీ పగలూ ఒకటే ఆలోచన. క్వార్టరు ఇచ్చిన ఉద్యోగికి ఇంటద్దె ఇవ్వరు. జీపు ఇచ్చిన ఆఫీసరుకి బస్సు చార్జీలు ఇవ్వరు. ఒకే సౌకర్యం ఒకే మనిషి రెండుసార్లు అనుభవించకూడదన్నది పరిపాలనకి మూలస్తంభం. అలాంటప్పుడు మండలి బాణలి ఇచ్చాక కూడా ఇంట్లో సొంత గిన్నెలు ఉంచుకున్నవాణ్ణి ఏమనాలి? ఆవిడ ఫైలు నడిపారు. పై సంతకాలు చకచకా పడ్డాయి. మండలి చరిత్రలో అంత వేగంగా నడిచిన ఫైలు మరొకటి లేదు.

ఇద్దరు అటెండర్లను వెంటబెట్టుకుని వల్లీదేవి గారే స్వయంగా వచ్చారు. సత్తు గిన్నె, ఇనప మూకుడు, చేపల దాక, పెనం, అన్నీ గోనెసంచిలోకి వెళ్ళాయి. అన్నం కుక్కరు దగ్గర రూతు అడ్డం నిలబడింది. అన్నం కూర కాదు కదండీ అని వాదించింది. వల్లీదేవి గారు ఆలోచించి, 'అన్నమునకు మాత్రమే' అని చీటీ అంటించి వదిలేశారు. పాలగిన్నె మీద అనుమానం వచ్చి కామేశం గారికి ఫోను చేశారు. పాలు విరిగితే కూర అవుతుందా అన్న దాని మీద చర్చ జరిగి, విరగనివ్వనని రూతు హామీ ఇచ్చాక దాన్నీ వదిలేశారు. కొత్త గిన్నె కొన్నా, పక్కింటి గిన్నె తెచ్చుకున్నా క్రమశిక్షణ చర్య తప్పదని కాగితం చేతికిచ్చి వెళ్ళారు. గోనెసంచికి మండలి స్టోరులో లక్కతో సీలు పడింది.

ఇంకొకడైతే ఆ కాగితం చింపి పొయ్యిలో పడేసి బజారుకెళ్ళి గిన్నె కొనుక్కునేవాడు. దానియేలు అలాంటి మనిషి కాదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క మెమో ఎరగడు. పై నుంచి వచ్చిన మాట ఎంత వెర్రిదైనా దాని వెనక ఏదో కారణం ఉండే ఉంటుందని నమ్మి బతికినవాడు. ఇలాంటి మంచివాళ్ళు ఉండబట్టే కామేశం గార్లకు ఆటగా ఉంది. భయపడ్డాడు, హోటల్ నుంచి పార్శిళ్ళు తెచ్చాడు.

పండక్కి ముందే మార్తమ్మ దిగింది. చిక్కి సగమైంది. ఆటో దిగుతూనే తమ్ముడి బుగ్గ పుణికి, ఇంట్లోకి వచ్చి ముక్కు ఎగబీల్చి, ఏంట్రా, మీ ఇంట్లో తాలింపు వాసనే లేదు, వేరే ఇంటికొచ్చానా అంది. ఆ పూట పార్శిల్ కూర రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపేసింది. మర్నాడూ అంతే. దానియేలు తల వంచుకుని జరిగిందంతా చెప్పాడు. మార్తమ్మ మొదట పడీ పడీ నవ్వింది. అన్నమునకు మాత్రమే అన్న చీటీ చూసి కళ్ళు తుడుచుకుంది. తర్వాత తమ్ముడి మొహం చూసి నవ్వడం మానేసింది.

"ఒరే దానీ, నవ్వులాట కాదు గానీ, నేను మళ్ళీ ఏడు పండక్కి ఉంటానో లేదో" అంది. "రేపైనా నీ చేతి కూర తింటానా, తిననా?"

దానియేలు లేచాడు. చొక్కా వేసుకుని ఆఫీసుకి బయల్దేరాడు.

కామేశం గారు ప్రసన్నంగా ఉన్నారు. కూర్చోమన్నారు, టీ తెప్పించారు. సమస్యంతా విని, మానవతా దృక్పథంతో ఆలోచిస్తే మార్గం ఒకటి లేకపోలేదన్నారు. కానుక ఇచ్చింది ఇష్టం ఉందని. ఇష్టం లేదని తేలితే కానుక రద్దు. కానుక రద్దయితే రెండు సౌకర్యాల సమస్య లేదు. అది లేకపోతే గిన్నెలు వెనక్కి ఇచ్చెయ్యొచ్చు.

"కాబట్టి కూర వండటం నాకు ఇష్టం లేదని రాసివ్వు. అంతే" అన్నారు.

"ఇష్టమేనండి నాకు" అన్నాడు దానియేలు.

"ఇష్టం ఎక్కడికీ పోదయ్యా. కాగితం మీద లేకుండా ఉంటే చాలు. మూడు ప్రతులు కావాలి. కార్బను కుదరదు, మూడూ నీ చేత్తోనే రాయాలి."

దానియేలు రాశాడు. నాకు ఇంట్లో గాని ఇంటి బయట గాని కూర వండుట యందు ఎటువంటి ఇష్టమూ లేదు, పూర్వము ఉన్నదని చెప్పినది పొరపాటు. మొదటి ప్రతి గబగబా రాసేశాడు. రెండోది రాస్తుంటే మొహం వేడెక్కింది. మూడో ప్రతి దగ్గర చెయ్యి ఆగిపోయింది. తనకంటూ ఉన్నది ఆ ఒక్క సంతోషం. దాన్ని తాకట్టు పెట్టినా బాగుండేది, ఎప్పుడైనా విడిపించుకోవచ్చు. ఇక్కడ అసలది నాది కాదని రాసిస్తున్నాడు. అక్క జరిపేసిన పళ్ళెం గుర్తొచ్చి మూడోదీ రాసి సంతకం పెట్టాడు. అంత సిగ్గు అతను ఎన్నడూ పడలేదు.

కామేశం గారు మూడు ప్రతులూ సరిచూసుకుని, మెచ్చుకోలుగా తలాడించారు. బాణలి ఆ సాయంత్రమే మండలికి చేరింది. గోనెసంచి సీలు విప్పి ఇచ్చారు. సత్తు గిన్నెకి ఒక పక్క సొట్ట పడింది, అంచుకి లక్క అంటుకుంది. దానియేలు సంచి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు.

పండగనాడు చర్చి నుంచి రాగానే కొత్త చొక్కా మీద తువ్వాలు కట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. ఎండురొయ్యలు దోరగా వేయించి, తలలూ కాళ్ళూ నలిపి చెరిగి, వేడినీళ్ళలో కడిగి పెట్టుకున్నాడు. లేత వంకాయలు ఉప్పునీళ్ళలోకి తరిగాడు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద ఒక్కొక్కటే నూనెలో పడుతుంటే అతని ఒంట్లో బిగువు సడలింది. నిన్న రాసిన కాగితాల సంగతి మనసులోంచి పోయింది. వంకాయలు మగ్గాక రొయ్యలు వేసి, చింతపండు రసం కాస్త తగిలించి, మూత పెట్టాడు. వాసన ముందు గదిలోకి, అక్కడి నుంచి వీధిలోకి వెళ్ళింది.

మార్తమ్మ చాప మీద కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. దానియేలు గరిట పట్టుకుని ఆవిడ మొహమే చూస్తున్నాడు. ఆవిడ రెండో ముద్ద కలిపింది, మూడోది కలిపింది, ఇంకొంచెం వెయ్యరా అని పళ్ళెం చూపించింది. రూతు వెనక్కి తిరిగి కళ్ళొత్తుకుంది.

అప్పుడే వాకిట్లో మండలి జీపు ఆగింది.

కానుక రద్దయిన మాట నిజమే గాని కార్యక్రమం రద్దు కాలేదు. 'గ్రహీత గృహమున పండుగ వేళ మండలి' అన్న కార్యక్రమానికి బ్యానరు ముందే రాయించారు, ఫొటోగ్రాఫరుకి చెప్పారు, పత్రికలకు వార్త కూడా రాసి పంపేశారు. అందుచేత త్రిలోచనరావు గారు, కామేశం గారు, వల్లీదేవి గారు దిగారు. వెనకే అటెండరు బాణలిని వెల్వెట్ గుడ్డలో పెట్టుకుని మోసుకొచ్చాడు. ఫొటో వరకూ దానియేలు చేతిలో పెట్టి, ఫొటో అయ్యాక వెనక్కి తీసుకుంటారట.

గుమ్మంలోకి రాగానే త్రిలోచనరావు గారి ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. కామేశం గారి మొహం మాత్రం పాలిపోయింది. కూర వండటం ఇష్టం లేదని నిన్న మూడు ప్రతుల్లో రాసిచ్చిన మనిషి, ఇవాళ చేతిలో గరిటతో కనిపిస్తున్నాడు. తప్పుడు వాంగ్మూలం సర్ అని ఆయన డైరెక్టరు గారి చెవిలో అన్నారు. సంజాయిషీ అడగాలని వల్లీదేవి గారు ఆ రెండో చెవిలో అన్నారు.

త్రిలోచనరావు గారు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపారు. కూర గిన్నె వైపు చూస్తూ దీర్ఘంగా ఆలోచించారు. ఆ బుర్రలోంచి అప్పుడు పుట్టిన సిద్ధాంతం మండలిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"తప్పు పట్టకండి" అన్నారాయన. "ఇతనికి ఇష్టం లేదు. అయినా వండుతున్నాడు. వేళకి వండుతున్నాడు, శుభ్రంగా వండుతున్నాడు, నోరెత్తకుండా వండుతున్నాడు. ఇష్టం లేని పనిని ఇలా చేయడాన్ని ఏమంటారు? డ్యూటీ అంటారు. డ్యూటీ అయినప్పుడు అది మండలిది. జనవరి నుంచి ఇతన్ని క్యాంటీన్‌లో వేద్దాం. మొత్తం స్టాఫుకి ఇతనే కూర వండుతాడు."

అంత సులువుగా ముడి విడిపోయినందుకు కామేశం గారు పొంగిపోయారు. క్యాంటీన్ వంటవాడి జీతం మిగులుతుందని వల్లీదేవి గారి మొహం విచ్చుకుంది. ఈ నియామకానికి ముందు నమూనా పరీక్ష ఒకటి అవసరమని కామేశం గారు గుర్తు చేశారు. త్రిలోచనరావు గారు సరేనంటూ, గోడవారగా ఉన్న పళ్ళెం తనే అందుకుని దానియేలు ముందుకి చాచారు. వెనకే మరో రెండు పళ్ళేలు వచ్చాయి. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు.

దానియేలు చెయ్యి అలవాటు కొద్దీ గిన్నె వైపు వెళ్ళింది. ఇన్నేళ్ళుగా పైవాళ్ళు ఏది అడిగితే అది ఇచ్చిన చెయ్యి అది. గరిటతో కూర తీశాడు కూడా.

మార్తమ్మ తలెత్తలేదు. ముద్ద కలుపుకుంటూనే అంది.

"ఒరే దానీ, కూర అమృతంలా ఉందిరా. వీళ్ళకి పెట్టకు."

దానియేలు చాచిన మూడు పళ్ళేల వంకా చూశాడు, అక్క చేతిలోని ముద్ద వంకా చూశాడు. గరిటలోని కూర అక్క పళ్ళెంలో వేశాడు. గిన్నెలో మిగిలింది కూడా ఊడ్చి, సగం రూతుకీ సగం తనకీ పెట్టుకున్నాడు. ఖాళీ గిన్నె పక్కన పెట్టి, అధికారులు నిలబడి ఉండగానే అక్క పక్కన చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అలా కూర్చుంటానని అతను కూడా అనుకోలేదు.

త్రిలోచనరావు గారి పళ్ళెం ఇంకా గాల్లోనే ఉంది. "మరి మాకో?" అన్నారు.

దానియేలు ముద్ద నోట్లో పెట్టుకుని, తీరిగ్గా నమిలి మింగి, వెల్వెట్ గుడ్డలో మెరుస్తున్న బాణలి వైపు చూపించాడు.

"మీ బాణలి మీ దగ్గరే ఉంది కదండీ" అన్నాడు. "వండుకోండి."

ఈ మాటకి ఏ నిబంధన కింద మెమో ఇవ్వాలన్నది తేల్చడానికి కొత్తగా ఇంకో ఉపసంఘం వేశారు. అది ఇప్పటికీ కూర్చునే ఉంది. మార్తమ్మ మాత్రం ఆ మధ్యాహ్నం మూడోసారి అన్నం పెట్టించుకుంది.